నిప్పుకు వచ్చే అత్త

మా ఎదురింటి గుమ్మం ముందు నాలుగు రోజులుగా చెప్పులు పెరుగుతున్నాయి. ఆ ఇంటాయన పనిచేసే చోట పెద్ద ప్రమాదం జరిగింది. దొరికినవాళ్ళ పేర్లు టీవీలో చదువుతున్నారు. ఆయన పేరు అందులో లేదు. దవాఖానాలో ఉన్నవాళ్ళ పేర్లలోనూ లేదు. ఖమ్మంలో మా అపార్టుమెంటు వాళ్ళు మంచివాళ్ళే, పూటకొకరు వంతులు వేసుకున్నట్టు ఆ ఇంటికి క్యారియర్లు పట్టుకుపోతున్నారు. నిన్న నేనూ సర్దాను. అన్నం, ముద్దపప్పు, చారు. వెళ్ళి బెల్లు మీద వేలు పెట్టి, నొక్కలేక వెనక్కి వచ్చేశాను. మా ఆయన "ఏం, తలుపు తియ్యలేదా?" అన్నాడు. "నేనే కొట్టలేదు" అన్నాను. ఆ అన్నం మధ్యాహ్నం మేమిద్దరమే తిన్నాం.

ఎందుకు కొట్టలేదో ఆయనకు చెప్పాలంటే ఒక వారం రోజుల సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నో చెప్పాను గానీ అది చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాదు, నోరు రాక.

మా ఊరు ములకలపల్లి నుంచి ఇంకా లోపలికి, అడవి మొదలయ్యే చోట ఉండేది. మా తాత తిరుమలాయపాలెం వైపు నుంచి భూమి కోసం అక్కడికి పోయి స్థిరపడ్డాడట. పెంకుటిళ్ళు ఐదారు, మిగతావన్నీ కోయవాళ్ళ గడ్డి ఇళ్ళు. మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య వెదురు దడి ఉండేది. దడి అవతల ఇంట్లో ఉండే ఆమెను నేను దడవతలత్త అనేదాన్ని, ఆమె మొగుణ్ణి దడవతల మామ. వాళ్ళు కోయవాళ్ళు, గడ్డి ఇల్లు. వాళ్ళకు పిల్లల్లేరు. మామా, మా నాయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. కలిసే దున్నేవాళ్ళు, కలిసే చేనుకు కాపలా పోయేవాళ్ళు. ఒక జాతరలో ఇద్దరూ ఒకే చోట ఒకేలాంటి రాగి కడియాలు కొనుక్కుని ఎడమ చేతులకు వేసుకొచ్చారు. "పెండ్లికొడుకులొచ్చిన్రు, హారతియ్యుండ్రి" అని మా నాయనమ్మ వాళ్ళను వారం రోజులు ఏడిపించింది.

ఆ దడిలో ఒక సందు ఉండేది. మొదట కోడిపిల్ల దూరేంతే ఉండేది. దాన్ని మనిషి దూరేంత చేసిన ఘనత నాది. అత్త ఎండిన ఇప్పపువ్వును వేయించి, నువ్వులు కలిపి దంచి ఉండలు చేసేది. ఆ వేయించే వాసన వస్తే నేను ఇంట్లో ఉండలేకపోయేదాన్ని. తీపి వాసనే, కానీ బెల్లం తీపి కాదు, ఎండకు మాగిన ఆకుల వాసన కూడా అందులో ఉంటుంది. ఆమె అటు తిరగ్గానే సందులోంచి దూరి ఒక ఉండ ఎత్తుకొచ్చేదాన్ని. నేను భలే దొంగనని అనుకునేదాన్ని గానీ, ఆమె ఒక ఉండ ఎప్పుడూ చేటకు ఈ చివరన, నా చెయ్యి అందే చోట వేరుగా పెట్టేదని చాలా రోజులకు గాని గమనించలేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. మా వైపు చావింట్లో పొయ్యి వెలిగించరు. దినాలయ్యేదాకా చుట్టుపక్కల వాళ్ళే వండి తెస్తారు. ఆ ఇంటి నుంచి ఎవరూ నిప్పు తీసుకోరు. మామూలు రోజుల్లో మాత్రం నిప్పు అడగడం ఉప్పు అడిగినంత తేలిక. అగ్గిపెట్టెలు ఉండేవి, కానీ వానాకాలం పుల్లలు చెమ్మెక్కి ఎంత గీసినా అంటుకునేవి కావు. అందుకని కుండ పెంకు పట్టుకుని పక్కింటికి పోయి రెండు నిప్పుకణికలు తెచ్చుకునేవాళ్ళు.

నాకు పదేళ్ళప్పుడు, ఆషాఢంలో, మా ఎద్దుల్లో ఒకటి కడుపుబ్బి చచ్చిపోయింది. దుక్కి సగంలో ఆగింది. గోదావరి అవతల ఒక సంతలో మంచి ఎడ్లు వస్తాయని తెలిసి నాయన బయలుదేరాడు. ఎద్దు పళ్ళు చూడ్డంలో మామ దిట్ట. అందుకని ఆయననూ వెంట తీసుకెళ్ళాడు. సోమవారం పొద్దున్నే ఇద్దరూ తలల మీద గోనెసంచులు కప్పుకుని వానలో పోయారు. మంగళవారం రాత్రికి వస్తామన్నారు, రాలేదు. బుధవారం పదకొండు గంటల బస్సు వచ్చింది. ఊళ్ళోకి రోజుకు ఒకటే బస్సు. కండక్టరు దిగుతూనే రచ్చ దగ్గరున్న వాళ్ళతో చెప్పాడు. సంత నుంచి మనుషులతో వస్తున్న నావ నిన్న సాయంత్రం గోదావరిలో మునిగింది. ఎంతమందో తెలియదు. కొందరు తేలారు, కొందరు తేలలేదు.

ఆ మాట మా ఇంటికి చేరేసరికి నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. అమ్మ ఉన్నచోటనే కూలబడింది. వాకిట్లో ఎవరో కేక పెట్టారు. నేను రాళ్ళు ఏరుతూనే ఉన్నాను. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ వారమంతా రాలేదు. చెవుల్లో నీళ్ళు పోయినప్పుడు మాటలు దూరంగా వినిపిస్తాయే, ఆ వారం నాకు అట్లాగే గడిచింది.

నాయనమ్మ మాత్రం లేచి వంటింట్లోకి పోయింది. "పొయ్యిల కట్టె పెట్టుండ్రి" అంది. అమ్మ కదల్లేదు. "నీకే చెప్పుతున్న. నా కొడుకు సచ్చిండని ఎవరన్న జూసిన్రా? సూడలే. పొయ్యి ఆరొద్దు. వాడొచ్చేదాక ఈ ఇంట్ల పొయ్యి ఆరొద్దు."

ఆమె నమ్మకమంతా ఆ పొయ్యిలో పెట్టుకుంది. అమ్మతో మూడు పూటలా వండించింది. ఎవరూ సరిగ్గా తినేవాళ్ళు కాదు. జొన్న గటక వండితే గటక, అన్నం వండితే అన్నం, అట్లాగే ఆరిపోయి చివరికి గొడ్లకు పోయేది. అయినా పొయ్యి మీద కుండ ఉండాల్సిందే.

గురువారం పొద్దున దడవతలత్త సందులోంచి వచ్చింది. చేతిలో కుండ పెంకు, ఒడిలో బోడకాకరకాయలు.

"పెద్దమ్మా, ఇంత నిప్పియ్యి."

నాయనమ్మ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ఆమె ఒడిలోకి చూసింది.

"వండినయి గావు, పచ్చియే" అంది అత్త. "మీరే వండుకోండ్రి."

నాయనమ్మ తన చేత్తోనే పుల్లతో నిప్పులు గీకి ఆమె పెంకులో వేసింది. "కావలసినంత తీస్కపో బిడ్డా" అంది.  నిప్పు అడిగిందంటే మాది చావిల్లు కాదని అత్త అన్నట్టేనని నాకు అప్పుడు తెలియలేదు.

ఆ రోజంతా మా అరుగు మీద మనుషులే. నదికి పోయి చూసొస్తామని బయలుదేరిన ఇద్దరు, వాగు పొంగి దాటలేక మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చారు. ముసలివాళ్ళు చుట్టలు కాలుస్తూ పాత వరదల సంగతులు మాట్లాడుకున్నారు. నేను అక్కడే ఉన్నానని ఎవరికీ పట్టలేదు.

"వానికి ఈతొస్తదా?"

"ఎందుకు రాదు, మా చెర్వంత ఈదెటోడు."

"చెర్వుల ఈత ఏరు. గోదాట్లె సుడి గుంజితె ఎవని తరం?"

"నీ నోట్లె మన్నువడ, ఊకోరాదు."

అందరూ మా నాయన గురించే మాట్లాడారు. నావలో మామ కూడా ఉన్నాడని అందరికీ తెలుసు. కానీ దడవతలికి పోయి ఆమె అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆమెకు అరుగే లేదు మరి. మాది పెంకుటిల్లు, మా దుఃఖానికి మనుషులు వచ్చారు. ఇది ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ రోజు నాకు ఆ ఊహే రాలేదు. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

శుక్రవారం మా బడి సారు వాళ్ళావిడ వచ్చింది. వాళ్ళు పట్నం నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు. పాపం, మంచి మనసుతో గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో ఆలుగడ్డ కూర వండి, పైన మూత పెట్టి తెచ్చింది. మా ఊళ్ళో ఆలుగడ్డ పెళ్ళిళ్ళకు తప్ప కనబడేది కాదు. ఆమె గడపలో కాలు పెట్టబోతే నాయనమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఏందమ్మా అది?"

"ఏం వండుకుంటారులే అని..."

"మా ఇంట్ల పొయ్యి మండుతున్నది. కండ్లు లేవా నీకు? ఎవరు సచ్చిన్రని కూడు దెచ్చినవ్? పో, తీస్కపో!"

ఆవిడ ముఖం తెల్లబోయింది. కళ్ళనీళ్ళతో వెనక్కి తిరిగింది. నేను ఆమె వెనకాలే పోయాను. ఆమెను ఓదార్చడానికి కాదు. నాకు ఆకలిగా ఉంది. మూడు రోజులుగా ఇంట్లో వండినది గొంతు దిగలేదు. ఆ కూర వాసన మాత్రం ముక్కులోకి నేరుగా పోయింది. బడి వరండాలో ఆవిడ నన్ను కూర్చోబెట్టి విస్తరాకులో పెట్టింది. ఎంత తిన్నానంటే, చివరికి ఆకుకు అంటిన నూనె కూడా నాకాను. అంత రుచిగల కూర నేను మళ్ళీ తినలేదు. తిని, చెయ్యి కడుక్కుని, ఇంటికి వస్తుంటే సగం దారిలో కాళ్ళు ఆగిపోయాయి. నాయన బతికే ఉన్నాడని నాయనమ్మ మూడు రోజులుగా పొయ్యి ఆర్పకుండా కూర్చుంటే, నేను పోయి చావుకూడు తిన్నాను. ఇంక నాయన రాడు. వచ్చేవాణ్ణి నేనే ఆపేశాను. పదేళ్ళ పిల్లకు ఇది లెక్క కట్టినంత స్పష్టంగా తెలిసిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. శనివారం పొద్దున అత్త మామూలుగా నిప్పు తీసుకుని, ఈసారి ఒడిలోంచి పుట్టగొడుగులు దింపి పోతుంటే, నేను ఆమె కొంగు పట్టుకుని దడి దాకా పోయాను. అక్కడ చెప్పేశాను. ఆమె పెంకు కింద పెట్టి, నా ముఖం చూసింది.

"ఆకలైందా?"

"అవ్."

"ఆకలైతె తిన్నవ్. గంతే."

"నాయన వస్తడా అత్తా?"

ఆమె వస్తాడని అనలేదు. పెద్దవాళ్ళందరూ ఆ వారం నాతో వస్తాడు వస్తాడు అని ఊరికే అనేశారు. ఆమె ఒక్కతే అనలేదు. "దా" అని నన్ను అడవి దారిలోకి తీసుకెళ్ళింది. ఊరు దాటాక దారి పక్కన అమ్మవారి రాయి ఉంది. గుడి లేదు, గోడ లేదు, పసుపు పూసిన రాయి, దాని ముందు ఎండు కొమ్మల కుప్ప. అడవిలోకి పోయేవాళ్ళు ఒక పచ్చి రెమ్మ విరిచి ఆ కుప్ప మీద వేసి పోతారు. పోయినవాళ్ళు క్షేమంగా రావాలని వెనక ఉన్నవాళ్ళు కూడా వేస్తారు. అత్త రెండు రెమ్మలు విరిచింది. ఒకటి నా చేతికిచ్చింది.

"నీ తప్పుంటె గిది ఏసినంక పోతది" అంది. "ఇగ మనసుల పెట్టుకోకు."

నా రెమ్మ వేశాను. ఆమె తన రెమ్మ వేసి, వాళ్ళ మాటల్లో ఏదో మెల్లగా చెప్పుకుంది. కుప్ప పైన అప్పటికే వాడిన రెమ్మలు రెండు రెండుగా పడి ఉన్నాయి. ఆమె రోజూ వస్తోందని అప్పుడు తెలిసింది. ఒకటి మా నాయనకు, ఒకటి మామకు. తిరిగి వచ్చేటప్పుడు ఆకలేసింది, ఆ సంగతి ఆమెకు చెప్పడానికి సిగ్గుపడలేదు.

ఆదివారం బస్సు ఇంకో కబురు తెచ్చింది. దిగువన ఎక్కడో ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చిందట. ముఖం గుర్తుపట్టేట్టు లేదట. ఎడమ చేతికి రాగి కడియం ఉందట. అక్కడివాళ్ళే మట్టి చేశారట.

మా వాకిట్లో ఏడుపులు లేచాయి. రాగి కడియం అనగానే అందరికీ మా నాయనే కనిపించాడు. అమ్మ తల గోడకేసి కొట్టుకుంటుంటే ఇద్దరు పట్టుకున్నారు. నాయనమ్మ ఏడవలేదు. అరుగు మీద నుంచి లేచి లోపలికి వెళ్ళింది. పొయ్యిలోని కట్టెలు బయటికి లాగింది. వాటి మీద చెంబుతో నీళ్ళు చల్లింది. ఆ తడి పొగ ఇల్లంతా కమ్ముకుంది. ఆ వాసన నాకు ఇప్పటికీ సరిపడదు.

మామ చేతికీ కడియం ఉందన్న మాట ఆ వాకిట్లో ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. గుర్తున్నది ఒక్క మనిషికే. ఆమె దడి సందు దగ్గర నిలబడి ఆ కబురంతా విని, నేను తప్ప ఎవరూ చూడకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున వాన పడుతోంది. మా పొయ్యి చల్లగా ఉంది. ఎవరైనా అన్నం తెస్తారని ఎదురుచూడటం తప్ప ఇంట్లో చేసేదేమీ లేదు. అప్పుడు దడి సందులోంచి అత్త వచ్చింది. తలంతా తడిసింది. చేతిలో కుండ పెంకు.

"పెద్దమ్మా, ఇంత నిప్పియ్యి."

నాయనమ్మ గోడకు చేరగిలబడి ఉంది. "నిప్పు లేదు" అంది.

"జరంతనే ఇయ్యి."

"నీకు సమజైతలేదా బిడ్డా? పొయ్యి ఆర్పిన. ఇగ ఈ ఇంట్లకెంచి నిప్పు తీస్కపోవద్దు నువ్వు."

అత్త కదల్లేదు. పొయ్యి ముందు గొంతుకూర్చుంది. పెంకును బోర్లించకుండా, వెల్లకిలా తన ముందు నేల మీద పెట్టింది. "నేనైతె ఉత్తచేతుల పోను" అంది. "నిప్పిచ్చేదాక ఈడ్నే కూసుంట."

ఎంతసేపు కూర్చుందో తెలియదు. వసారా చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అన్నం గంపతో ఎవరో వాకిట్లోకి వచ్చి, పొయ్యి ముందు పెంకుతో కూర్చున్న ఆమెను చూసి ఏం చెయ్యాలో తెలియక వాకిట్లోనే ఆగిపోయారు. నాయనమ్మ కళ్ళు మూసుకుంది. చివరికి లేచింది మా అమ్మ. ఆదివారం నుంచి ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తూలుతూ వచ్చి తడి బూడిద ఎత్తిపోసింది. దూలం మీద నుంచి ఎండుపుల్లలు తీసింది. అగ్గిపుల్లలు గీసింది, అవి అంటుకోలేదు. ఒకటి, రెండు, మూడు, నేను లెక్కపెట్టడం మానేశాను. ఏదో ఒకటి అంటుకుంది. అమ్మ వంగి ఊది, మంట లేపి, నిప్పయ్యేదాకా ఊదుతూనే ఉంది. పొగకు కళ్ళు కారుతున్నాయో, ఏడుస్తోందో తెలియలేదు. నిప్పులు పెంకులో వేసి "ఇగో వదినె" అంది. అత్త పెంకు ఎత్తుకుని, ఒడిలోంచి గుప్పెడు ఎండిన ఇప్పపువ్వు తీసి పొయ్యి గట్టు మీద పోసి వెళ్ళిపోయింది. వాకిట్లో అన్నం గంప తెచ్చినవాళ్ళు కూడా వెనక్కి వెళ్ళిపోయారు. ఆ పూట మేం ఇప్పపువ్వు వేయించుకుని తిన్నాం. వారంలో మొదటిసారి ముగ్గురం కలిసి కూర్చుని తిన్నాం.

మంగళవారం కూడా ఆమె వచ్చి నిప్పు తీసుకెళ్ళింది. చిన్న చేటలో తెచ్చిన చింతపండు దింపి ఆ చేట మరిచిపోతే, అది ఇవ్వడానికి నేను సందులోంచి దూరి ఆమె వెనకాలే పోయాను. గుమ్మంలో ఆగిపోయాను. ఆమె పొయ్యి అప్పటికే మండుతోంది. కుండలో జావ ఉడుకుతోంది, ఎన్ని రోజుల నుంచో ఆరని పొయ్యి అది, కింద జానెడు బూడిద ఉంది. ఆమె మా ఇంటి నిప్పును ఆ మండే నిప్పులోనే మెల్లగా ఒంపింది.

"నీ పొయ్యి మండుతనే ఉన్నది గదా అత్తా?"

ఆమె ఉలిక్కిపడలేదు. "మండని" అంది. "మీదీ మండని."

ఆ రోజు మధ్యాహ్నం నాయన వచ్చాడు.

మొదట కుక్క అరిచింది. తర్వాత ఎవరో పరుగెత్తుకొచ్చి "అస్తుండు, అస్తుండు" అన్నారు. ఎర్ర ఎద్దును పగ్గం పట్టి నడిపించుకుంటూ, గడ్డం పెరిగి, ఒళ్ళంతా బురదతో మా నాయన దారి మలుపు తిరిగాడు. అమ్మ వాకిట్లోకి ఉరికింది. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన మా గడప ముందుకు వచ్చాడు. ఎద్దు పగ్గం నా చేతిలో పెట్టాడు. మా వైపు చూసి, మా ఇంట్లోకి రాకుండా దడవతలికి పోయాడు. పిడికిలిలో ఏదో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆయన ఎడమ చేతికి తన కడియం ఉంది. ఇంకోటి పిడికిలిలో ఉంది.

తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. నావవాడు ఎద్దును ఎక్కించుకోనన్నాడు. భద్రాచలం వంతెన మీదుగా ఎద్దును నడిపించుకుని వస్తానని నాయన ఆగిపోయాడు. "చెల్లె ఒక్కతే ఉంటది, నువ్ నావల పో బావా" అని మామను తనే ఎక్కించాడు. ఒడ్డున నిలబడి ఉండగానే నావ తిరగబడింది. అప్పటి నుంచి ఎద్దును ఎవరింట్లోనో కట్టేసి నాలుగు రోజులు ఒడ్డు పట్టుకుని తిరిగి, చివరికి శవాన్ని మట్టి చేసినవాళ్ళ దగ్గర కడియం తీసుకున్నాడు. తాను బతికున్నానని ఒక మనిషితో కబురు పంపాడట, వాగులు పొంగి అది చేరలేదు. కబురు పంపే బదులు తనే రావచ్చు గదా అని అమ్మ చాలా ఏళ్ళ తర్వాత కూడా ఆయనను నిలదీసేది. "బావ లేకుండ ఒక్కన్నే వచ్చి చెల్లెకు ఏం జెప్పాలె?" అనేవాడు. 

దడవతల నుంచి ఏడుపు వినిపించింది. ఒక్కసారే, పెద్దగా. ఆ తర్వాత లేదు.

నాయనమ్మ తనే కూర్చుని వండింది. అన్నం, పప్పు, పొద్దున అత్త ఇచ్చిన చింతపండుతోనే చారు. ఆ వారంలో మా ఇంటికి ఎవరూ తేకూడదని ఆమె చేతులు అడ్డం పెట్టిన కూడు, ఇప్పుడు మా పొయ్యి మీదే ఉడికింది. గంప నా నెత్తిన పెట్టింది. "సందులకెంచి పోకు. ఎదురుంగ వాకిట్లకెంచి పో" అంది. నేను కాళ్ళీడ్చుకుంటూ పోయాను. రెమ్మ వేస్తే తప్పు పోతుందని అత్త అంది. పోయినట్టే ఉంది, పోయి దడవతల పడింది. రెండు రెమ్మలు వేస్తే ఒక్కడే వచ్చాడు. ఆ ఆలుగడ్డ కూర ఎవరి పేరున తిన్నానో ఇప్పుడు తెలిసింది. నా మనసులో ఇదే తిరుగుతోంది.

ఆమె ఒక్కతే ఉంది. కడియం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొయ్యి చల్లారి ఉంది. బూడిద మీద నీళ్ళు చల్లిన గుర్తు ఉంది. గంప దింపి నిలబడ్డాను. ఆమె నన్ను చూసి, "మీ నాయన తిన్నడా?" అంది.

"లేదు."

"ఎన్ని దినాలైందో తినక. పోయినంక తినుమను."

నేను ఏడ్చాను. వారం రోజులు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అన్నంలో చారు పోసి కలిపింది. మొదటి ముద్ద తను తినలేదు. నా నోటి దగ్గర పెట్టింది. నేను నోరు తెరవలేదు. నేనెందుకు భయపడుతున్నానో లోకంలో ఆమెకు ఒక్కతెకే తెలుసు.

"తిను" అంది. "నువ్ తిన్నందుకు ఎవ్వరు పోలే. తిను బిడ్డా."

తిన్నాను. తర్వాత ఆమె తిన్నది.

దినాలయిన మర్నాడు పొద్దున, మా పొయ్యి బాగా మండుతుండగానే, అమ్మ కుండ పెంకు పట్టుకుని దడి సందులోంచి దూరింది. లావు మనిషి, నానా తంటాలు పడి దూరింది. "వదినె, ఇంత నిప్పియ్యి" అనడం నాకు ఇవతలికి వినిపించింది.  ఆ తర్వాత పుల్లలు విరిచిన చప్పుడు, ఊదుతున్న చప్పుడు వినిపించాయి. అమ్మ వచ్చేదాకా ఆ పొగ దడి మీదుగా పైకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ ఊరు ఇప్పుడు అట్లా లేదు. గడ్డి ఇళ్ళు పోయాయి, ఇంటింటికీ గ్యాసు వచ్చింది, దడి స్థానంలో సిమెంటు గోడ లేచింది. అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆమె పోయినప్పుడు నేను అక్కడ లేను. నాయన మాత్రం ఉన్నాడు.

ఈ పొద్దున మళ్ళీ ఎదురింటికి వెళ్ళాను. క్యారియర్ తీసుకెళ్ళలేదు. చిన్న స్టీలు గిన్నె తీసుకెళ్ళాను. మా ఫ్రిజ్‌లో రెండు గిన్నెల పెరుగు ఉంది, అది వేరే సంగతి. బెల్లు కొట్టాను. చెప్పులన్నీ దాటుకుని ఆయన భార్య, ఆ అమ్మాయే వచ్చి తలుపు తీసింది. జుట్టు రేగిపోయి ఉంది, చేతిలో ఫోను ఉంది.

"తోడుకు ఇంత పెరుగుందా తల్లీ?" అన్నాను.

లోపల కూర్చున్నవాళ్ళు నన్ను వింతగా చూశారు. ఆ అమ్మాయి నా చేతిలోని గిన్నె వైపు చూస్తూ అట్లాగే ఉండిపోయింది. అడగకూడని వేళ అడిగానేమోనని నాకూ భయం వేసింది. అయినా ఉత్త గిన్నెతో తిరిగి రాకూడదనుకున్నాను.

"ఉందాంటీ" అంది చివరికి. ఫోను పక్కన పెట్టింది. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు, గిన్నెల చప్పుడు వినిపించాయి. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.